పలకరింపుకు వచ్చినవాళ్ళు

"మీ వాళ్ళకి కూడా డిప్రెషన్లూ అవీ వస్తాయా?" అన్నాడు మొగుడు, ఆమె ఇస్త్రీ చేసిచ్చిన చొక్కాలో చేతులు దూరుస్తూ.

వెటకారం కూడా కాదు, నిజంగానే అడిగాడు మహానుభావుడు. కొండ మీద పుట్టినవాళ్ళకి మనసనేది ఉంటుందా అని ఆయనగారి సందేహం. అదే కొండ మీద పుట్టి, మనస్తత్వశాస్త్రం చదివి, పెళ్ళైన నాటి నుంచి ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తున్న మనిషి ఎదురుగానే నిలబడి ఉంది. "వస్తాయి, ఇస్త్రీ చేసేటప్పుడు ఎక్కువగా వస్తాయి" అందామనుకుని, కాలరు మడత సరిచేసింది. లోపల్నుంచి అత్తగారు, "ఆ గిన్నెలు అలా వదిలేసి పోకమ్మా, సాయంత్రానికి ఎండిపోతాయి" అని కేకేసింది. ఎండిపోయే సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. కడిగే సంగతే ఎవరికీ తెలియదు. బస్సు వెళ్ళిపోతుందని ఆమె గిన్నెలు అలాగే వదిలేసి వెళ్ళింది.

ఆమె పని చేసేది ఆదివాసులకు వాళ్ళ పద్ధతిలోనే మనసుకు వైద్యం చేసే కేంద్రంలో. బోర్డు మీద అలాగే రాసి ఉంటుంది. ఆ పద్ధతంటే పెద్ద డాక్టరు ఉద్దేశంలో గోడలకు వెదురు తడకలు, మూలన ఓ డోలు, దీపాలకు బోర్లించిన బుట్టలు. ఆ బుట్టల కింద మాత్రం ఎదురెదురుగా రెండు కుర్చీలు, మధ్య బల్ల మీద టిష్యూల డబ్బా. పోలీసు స్టేషనులో ఆ డబ్బా ఒక్కటీ ఉండదు, అంతే తేడా. ఆమె మొదట్లోనే చెప్పింది: "సార్, మా వాళ్ళు ఎదురుగా కూర్చుని బాధ చెప్పుకోరు. పక్కపక్కన కూర్చుంటారు, చేతిలో ఏదో పనుంటుంది, అయినవాళ్ళు దగ్గరుంటారు. వెనక మెట్ల దగ్గర చోటు చేద్దాం. కొండ మీంచి ఇద్దరు పెద్దావిడల్ని జీతమిచ్చి పెట్టుకుందాం." ఆయన "అద్భుతం!" అని ఇంకో రెండు బుట్టలు తెప్పించాడు. పెద్దావిడలకు జీతమెందుకమ్మా, సేవాభావం ఉండాలి గానీ, అన్నాడు. ఆ సేవాభావమేదో తన జీతం దగ్గర ఆయనకెప్పుడూ గుర్తు రాలేదు. మధ్యాహ్నం అందరూ తిన్న గిన్నెలు కడిగేది కూడా ఆమే. "నీకు అలవాటేగా" అన్నారు మొదటిరోజే.

వెనక మెట్ల మీదికి వారం వారం ఒక తల్లి వస్తోంది. హాస్టల్లో చదువుకునే కూతురు ప్రాణం తీసుకున్నప్పటి నుంచి ఆ తల్లి నోరు విప్పలేదు. ఆడపడుచు చెయ్యి పట్టుకుని తీసుకొస్తుంది. ఆమెతో కలిసి ముగ్గురూ వరసగా కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తారు. పోయిన వారం ఆ తల్లి పెదవులు కదిలాయి. ఇవాళ మాట వస్తుందేమో. ఇప్పుడు గనక బెదిరిందంటే మళ్ళీ కొండ దిగదు. కూతురి దారే పట్టినా పట్టొచ్చు.

సరిగ్గా ఇవాళే కేంద్రానికి నిధులిచ్చే అతిథులు దిగారు. పెద్ద డాక్టరు వెనక్కి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమ్మా, ఆవిణ్ణి ముందు గదిలోకి తీసుకురా. వాళ్ళు పాపం ఎంతో దూరం నుంచి వచ్చారు."

"ఆవిడ మాట్లాడదు సార్."

"మాట్లాడక్కర్లేదు. కాస్త ఏడ్చినా చాలు."

అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు. ఛీ, ఇదా వైద్యం! నేరుగా ముందు గదిలోకి నడిచి, అతిథులకు నమస్కారం పెట్టింది. "తప్పకుండా చూద్దురుగాని. అయితే మాలో ఒక ఆచారముంది. దుఃఖంలో ఉన్న మనిషి దగ్గరికి వచ్చినవాళ్ళు ముందు అక్కడి గిన్నెలన్నీ కడగాలి. ఒక్కటి కూడా మిగలకూడదు. కడిగినంతసేపూ మాట్లాడకూడదు."

అతిథుల కళ్ళు మెరిశాయి. ఒకావిడ ఉంగరాలు తీసి సంచిలో వేసుకుంది. పెద్ద డాక్టరు ఆ ఆచారం ఎన్నడూ విననేలేదు. వినలేదంటే పరువు పోతుంది. "అవునవును, చాలా ప్రాచీనమైనది" అంటూ చొక్కా చేతులు పైకి మడిచాడు.

పూర్తిగా అబద్ధమూ కాదు. అమ్మమ్మ పోయినప్పుడు కొండ మీద వచ్చినవాళ్ళు వచ్చినట్టే పనులందుకున్నారు, అమ్మను పొయ్యి దగ్గరికి పోనివ్వలేదు. ఆ అమ్మ పోయినప్పుడు మాత్రం తను ఒక్క పూట ఉండి తిరిగొచ్చింది, "ఇక్కడ వంటెవరు చేస్తారు?" అని అత్తగారి ఫోను వస్తే. తర్వాత మొగుడి తరఫు చుట్టాలు పరామర్శకు వచ్చారు. వాళ్ళందరికీ టీలు పెట్టింది, ఆ గ్లాసులు కడిగింది ఆమే.

వంటగదిలోంచి గిన్నెల మోత మొదలైంది. మెట్ల మీద తల్లి తలెత్తి, కిటికీలోంచి చూసింది. పెద్ద డాక్టరు మోచేతుల దాకా నురగతో అడుగంటిన గిన్నెతో కుస్తీ పడుతున్నాడు.

"మన ఆచారమని చెప్పానక్కా" అంది ఆమె, తమ భాషలో.

ఆడపడుచు కిసుక్కున నవ్వింది. తల్లి గొంతులోంచి కూడా ఏదో వచ్చింది. నవ్వే. అది మధ్యలోనే విరిగి ఏడుపైంది. చేతులు మాత్రం చిక్కుళ్ళు ఒలుస్తూనే ఉన్నాయి.

"నా కూతురు కూడా గిన్నెలు ఇట్లాగే మోత చేసేది చెల్లీ" అంది. "తిట్టేదాన్ని."

ఆ తర్వాత మాట ఆగలేదు. లోపల ఇంకా చాలా గిన్నెలున్నాయి, ఎవరూ బయటికి రాలేదు. వచ్చేసరికి మెట్లు ఖాళీ. వచ్చే వారం మళ్ళీ వస్తానని తల్లి తనంతట తానే చెప్పి వెళ్ళింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పొద్దుటి గిన్నెలు ఎక్కడివక్కడే, ఎండిపోయి ఉన్నాయి. మొగుడు ఫోనులోంచి తలెత్తకుండా, "ఏంటి, మీ వాళ్ళందరికీ నయమైందా? కాస్త టీ పెట్టు" అన్నాడు.

ఆమె సంచి కింద పెట్టింది. వంటగదిలోకి వెళ్ళలేదు. కుర్చీ లాక్కుని ఆయన పక్కనే కూర్చుంది.

"మా అమ్మ పోయి ఏడాది దాటింది. మీరింకా నన్ను పలకరించలేదు."

ఆయన ఫోను దించాడు. బిత్తరపోయి చూశాడు. "ఇప్పుడా? ఇప్పుడేమనాలి నేను?"

"ఏమీ అనకండి," అంది ఆమె. "వెళ్ళి గిన్నెలు కడగండి."