అత్తయ్య దింపిన సముద్రపు కుందేలు

తను పనిచేసే అక్వేరియంలో పంపు చెడిపోవడంతో కోడలు సముద్రపు కుందేలును బకెట్లో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. బాగుచేసేవాళ్లు వచ్చేదాకా దాన్ని ఎవరో ఒకరు చూసుకోవాలి. అరచేతికి కాస్త పెద్దదిగా, గోధుమరంగు మచ్చలతో, తలమీద కుందేలు చెవుల్లాంటి రెండు మొలకలతో, ఎముకన్నదే లేని మెత్తని నత్తజాతి ప్రాణి అది. స్నానాల గదిలో టబ్బు నిండా సముద్రపు నీళ్లు పోసి వదిలింది.

మామయ్య పోయాక అత్తయ్య కొడుకూ కోడళ్ల దగ్గరికి వచ్చి కొన్ని నెలలే అయింది. అడిగినదానికి జవాబు చెప్పడమే తప్ప తనంతట తాను నోరు విప్పేది కాదు. టబ్బును చూసి ముందు మొహం చిట్లించింది. కానీ మర్నాడు కోడలు లేచేసరికి దాని పక్కనే పీట వేసుకుని కూర్చుని ఉంది.

"ఏమీ తినలేదమ్మా. ఆ చెవులు మాత్రం ఆడిస్తోంది."

అవి చెవులు కావనీ, వాసన పట్టే కొమ్ములనీ కోడలు చెప్పింది. దానికి కావలసింది ఎర్రనాచనీ, సముద్రం వెనక్కి తగ్గాక ఒడ్డున రాళ్ల మధ్యకు వెళ్లి తెస్తాననీ అంది. తనూ వెళ్లడానికి అత్తయ్య చెప్పులు వేసుకుంది.

రాళ్లు జారుతున్నాయి. అత్తయ్య కోడలి భుజం గట్టిగా పట్టుకుని నడిచింది. మోకాటి లోతు మడుగులో ఎర్రనాచు మెల్లగా ఊగుతోంది. దాని మొదట్లో పసుపురంగు ఊలు చిక్కుపడ్డట్టు ఏదో కనిపించింది. అవి ఈ కుందేళ్ల గుడ్లేనని కోడలు చెప్పింది.

"పిల్లల్ని చూసుకుంటుందా?"

"లేదత్తయ్యా. గుడ్లు పెట్టాక ఎక్కువ రోజులు బతకదు. దాని ఆయుష్షే ఏడాది."

అత్తయ్య వంగి మడుగులోకి చాలాసేపు చూసింది. "అయితే ఆ ఏడాదీ ఇక్కడే ఉండనీ."

దాన్ని ఇక్కడే వదిలేయవచ్చా అని కోడలు అక్వేరియంలోని పై అధికారికి ఫోన్ చేసి అడిగింది. ఆయన కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు. ఇల్లు దగ్గరే కాబట్టి వెళ్లి బకెట్ తెచ్చారు. నీళ్లలోకి దించేటప్పుడు అత్తయ్యే దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. అది బెదిరి వంకాయరంగు సిరా చిమ్మింది. ఆవిడ చేతులు తీయలేదు. "నీ ఇల్లేనే, భయపడకు," అంది. అది నాచులోకి పాకి, ఒక కొసను కొరకడం మొదలుపెట్టింది.

ఒడ్డున కూర్చుని కోడలు ఆవిడ చేతులు తుడిచింది. ఇక వెళదామా అంటే అత్తయ్య కదల్లేదు.

"మీ మామయ్య ఎక్కడికెళ్లినా ఇంకాసేపు కూర్చుందామనేవారు. నేనే వంట పనుందని లేపేసేదాన్ని."

వీళ్లింటికి వచ్చాక అత్తయ్య ఆయన మాట ఎత్తడం అదే మొదలు. కోడలు భర్తకు ఫోన్ చేసి, ఈ పూట వంట అతన్నే చూసుకోమంది. ఏం వండాలని అతను అడిగాడు.

"వాడికి ఏదొస్తే అదే వండమను," అంది అత్తయ్య. "మాడినా తిందాం."