మాయమైన తొట్టి

క్రిస్మస్ నాటకానికి ఒక్క పూట ఉందనగా, కొవ్వూరు దగ్గరి ఆ పల్లె చర్చిలో స్టేజీ మీది పశువుల తొట్టి మాయమైంది. అందులో ఉండాల్సిన బాలయేసు బొమ్మ మాత్రం ఎర్ర గుడ్డలో చుట్టి, కుర్చీలో భద్రంగా ఉంది.

తాళం పగల్లేదు. తాళంచెవులు రెండే. ఒకటి పాస్టర్ ఆరోన్ గారిది, రెండోది చర్చి ఊడ్చే సువార్తమ్మది.

"నేనెందుకు తీస్తానండి? నాకు వేషం దొరికిందే ఇప్పుడు," అంది సువార్తమ్మ.

నిజమే. ఏటా చప్పట్లన్నీ ఆమె భర్త యెహెజ్కేలువి. సత్రం యజమానిగా మీసం మెలేసి "చోటు లేదు, పొండి" అంటే పిల్లలు ఈలలు వేసేవారు. ఈ ఏడు పాస్టర్ గారు ఆ వేషమే తీసేశారు.

కారణం ఒక గ్రీకు మాట, కటలూమ. యేసు పుట్టుక కథలో సువార్త రాసిన లూకా వాడిన ఆ మాటను మన తెలుగు బైబిల్ సత్రం అంది. యేసు చివరి పస్కా పండుగ భోజనం దగ్గర లూకా అదే మాట రాస్తే విడిది గది అంది. డబ్బిచ్చి దిగే పూటకూళ్ల ఇంటికి లూకా వాడిన మాట వేరు. కాబట్టి బేత్లెహేములోది చుట్టాల ఇల్లు, విడిది గది నిండిపోతే ఇంట్లోనే పశువుల పక్కన చోటిచ్చారు అని పాస్టర్ గారు సంఘానికి వివరించారు. నాటకంలోంచి సత్రం యజమాని పోయాడు. "లోపలికి రామ్మా" అని మరియను పిలిచే ఇంటి పెద్దావిడ వచ్చింది. ఆ వేషం సువార్తమ్మది.

ఆరోన్ గారు బొమ్మకు చుట్టిన గుడ్డ విప్పారు. పొడవాటి గుడ్డ, జరీ అంచు.

"మా ఆయన సత్రం వేషం తలపాగా," అంది సువార్తమ్మ మెల్లగా.

ఇద్దరూ వాళ్లింటికి వెళ్లేసరికి పాకలో గేదె ఆ తొట్టిలోనే గడ్డి మేస్తోంది. పక్కన యెహెజ్కేలు తల దించుకుని కూర్చున్నాడు.

"నేనేనండి. గూట్లో మా ఆవిడ తాళంచెవి తీసి తెల్లారగట్ల వెళ్లాను. తొట్టి లేకపోతే, గడ్డి పరిస్తే సరిపోయే పాత నాటకమే ఆడతారనుకున్నాను. తలపాగా కూడా పట్టుకెళ్లాను, తయారుగా ఉందామని. గ్రీకు మాట మీద నాకేం కోపం లేదండి. మీరు చెప్పారు, నమ్మాను. కానీ నిన్న రిహార్సల్లో ఇది 'లోపలికి రామ్మా' అంటే ఆడాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు. నా వేషానికి నవ్వారే గానీ ఎవరూ ఏడవలేదండి. ఇంటికొచ్చి కూర కలుపుతూ కూడా అదే అనుకుంటోంది. ఓర్వలేకపోయాను. బొమ్మని నేల మీద పెట్టటానికి మాత్రం చెయ్యి రాలేదు. మంచు పడుతోంది కదండీ, చేతిలో ఉన్నది చుట్టేశాను. తొట్టి కడిగి నేనే మోసుకొస్తాను. ఇది అంత బాగా చేస్తుందని నాకు తెలీదండి."