417 నంబరు బిళ్ళ

ఎంగిలి విస్తళ్ళను రెండు చేతులా చుట్టి డ్రమ్ములో కుక్కుతున్నాడు మునిశంకర్. పులిసిన సాంబారు మోచేతుల దాకా కారుతోంది. బంగారు గనులు మూతపడ్డాక రాబర్ట్‌సన్‌పేట కల్యాణమండపంలో ఇదే పని. అరవై ఎనిమిదేళ్ళొచ్చినా భుజాలు ఇంకా గుమ్మం నిండా వస్తాయి.

"చాంపియన్, ఒక్క ఫోటో!" పెళ్ళివారి బంధువొకడు ఫోన్ ఎత్తాడు.

మండపం ఓనరు పళ్ళికిలించాడు. "హెవీవెయిట్ బాక్సర్ సార్. గనుల్లో ఈయన్ని కొట్టినోడు లేడు."

కొట్టినోడు ఉన్నాడు. అదే గనిలో పనిచేసిన ఈశ్వరప్ప రింగులో రెండుసార్లు కొట్టాడు. మునిశంకర్ ఎంగిలి పిడికిలి ఎత్తి నవ్వాడు. ఆ నవ్వు మీద అతనికే ఉమ్మేయాలనిపించింది.

ఆ రోజుల్లో గనిలోకి దిగే ప్రతివాడికీ నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చేవాళ్ళు. పైకొచ్చాక దాన్ని బోర్డు మేకుకు తగిలించాలి. బిళ్ళ రాలేదంటే మనిషి లోపలే ఉన్నట్టు. మూడోసారి, ఫైనల్ రోజు, ఈశ్వరప్ప గనిలో షిఫ్టు ముగించుకుని పరుగున వచ్చాడు. తగిలించడం మరిచిన బిళ్ళను నిక్కరు నడుములో దోపుకున్నాడు. రెండో రౌండులో అది రాలిపడింది. షిఫ్టు చేసొచ్చినవాణ్ణి ఆ రోజు ఆడించకూడదని రూలు. రెఫరీ చూస్తే పోటీ వాయిదా. షిఫ్టు అలసటతో ఈశ్వరప్ప కాళ్ళు అప్పటికే తడబడుతున్నాయి. మునిశంకర్ బూటు మొనతో బిళ్ళను తన మూలకు తోసేశాడు. మూడో రౌండులో అతణ్ణి పడగొట్టాడు.

ఆ సమయానికే నలుగురు ఈశ్వరప్పను వెతుకుతూ గనిలోకి దిగారు. బిళ్ళ పోగొట్టి అంతమందిని తిప్పలు పెట్టినందుకు క్లబ్బు అతణ్ణి తీసేసింది. ఈశ్వరప్ప మళ్ళీ గ్లౌజు తొడగలేదు.

అతని కూతురు మంజుశ్రీ వారంగా ఫోన్ చేస్తోంది. "నాయనకు ఊపిరే ఆడల్యా మామా. నిన్నే అడగతా ఉండాడు."

ఈరోజైనా చెప్పేయాలి. మధ్యాహ్నం మూడుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుని బయల్దేరాడు. కంపు పోలేదు.

గని క్వార్టర్సులో ఈశ్వరప్ప మంచానికి అంటుకుపోయి ఉన్నాడు. దుమ్ము తిన్న ఊపిరితిత్తులు ఈల వేస్తున్నాయి.

"మునీ, ఆ దినం నా బిళ్ళ యాడ పడిందో నువ్వేమన్నా చూసినావా అప్పా?"

జేబులో మునిశంకర్ వేళ్ళు బిళ్ళను పట్టుకునే ఉన్నాయి. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు.

"లేదన్నా."

"పోనీలే. నువ్వు బాగా కొట్టినావు. మంజూ, మామకు కాఫీ ఇయ్యి."

ఛీ, ఇదీ ఒక బతుకేనా! చావబోయేవాడి ముందు కూడా అబద్ధమే. కాఫీ సగం తాగి గ్లాసు ఇచ్చేశాడు. మంజుశ్రీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళేదాకా ఆగాడు.

"నేను చూసినాను అన్నా. నేనే తీసినాను."

ఈశ్వరప్ప ఊపిరి ఈల ఎప్పుడాగిందో అతను గమనించలేదు.

మంజుశ్రీ ఏడుపుకు ఇరుగుపొరుగు చేరారు. "చాంపియనే వచ్చినాడు చూడండి, ఎంత మంచి మనసో!" అంది ఒకామె. మునిశంకర్ తలవంచుకుని వాకిలి దాటాడు.

మంచం పక్క స్టూలు మీద, మందుసీసాను ఆనుకుని 417 నంబరు బిళ్ళ ఉంది. అన్నేళ్ళూ వేరేవాడి జేబులో ఒరుసుకుని అంచులు నున్నగా అరిగాయి, అంకెలు మాత్రం ఇంకా చదవొచ్చు.