ఆమనికి నాలుగు హద్దులు

వైశాఖ మాసపు మధ్యాహ్న మార్తాండుడు కోనసీమ నారికేళ వనముల తలలపై నిప్పులు చెరుగుచుండ, పంటకాలువ నీరు కరగిన వెండివలె కన్నులు మిరుమిట్లు గొలుపుచుండ, పిడికెడు నీడకై కాకులును కక్షిదారులును సమానముగ పోరాడుచుండ, అమలాపుర న్యాయస్థాన ప్రాంగణము వేసవి సెలవులకు ముందటి కడపటి దినము గావున తిరునాళ్ల వలె కిటకిటలాడుచుండెను. చెరకురసపు యంత్రము గలగల మ్రోగుచుండెను. నల్లకోటులు ధరించిన వకీళ్లు చెమటలో తడిసి మడుగునుండి లేచిన గేదెదూడల వలె నిగనిగలాడుచు అటునిటు పరుగిడుచుండిరి. అంతటి సందడిలోను రేకుల చావడి క్రింద నోటరీ సోమయాజులు గారి బల్ల మాత్రము తపోవనము వలె ప్రశాంతముగ నుండెను. ఏలయన ఆయన యొద్దకు పోవుటకు జనులు జంకుదురు. తక్కిన నోటరీలు తపాలా కచేరిలో వలె టపటప ముద్రలు వేసి పంపుచుండ, ఈయన ప్రతి కాగితమును మొదటి అక్షరమునుండి తుది అక్షరము వరకు బిగ్గరగ చదివి ఇరుపక్షములచేతను ఔననిపించినగాని ముద్రపై చేయి వేయరు.

ఆ బల్ల యెదుట ముక్కాలిపీటపై కూర్చున్న హైమవతి గోడగడియారమును చూచుటయు వీథి మలుపును చూచుటయు తప్ప వేరు వ్యాపారము లేక యుండెను. సోమవారము నాడు విశాఖపట్టణమున నొక ఆసుపత్రిలో ఆమె నర్సుగా చేరవలసి యున్నది. ఏడేండ్ల కుమార్తె ఆమనిని వెంట గొనిపోవలెను. పరస్పరాంగీకారముతో విడాకులు కోరు అర్జీయు, బిడ్డ తల్లియొద్ద పెరుగునట్లును సెలవులలో తండ్రియొద్ద ఉండునట్లును ఒడంబడికయు నేడు నోటరీ ముద్ర పడి అయిదు గంటలలోపల దాఖలు కావలెను. కానిచో న్యాయస్థానమునకు నెల దినములు తాళము. ఆ నెలలో భర్త మనస్సు ఎన్ని మలుపులు తిరుగునో ఆ పరమేశ్వరునకే యెరుక. పెండ్లినాడు పట్టుపంచె అంచు నచ్చలేదని ముహూర్తము ముంచుకొని వచ్చుచుండగ విడిదికి మరలిపోయిన మహానుభావుడు అతడు.

అట్లని త్రినాథరావు దుర్జనుడు కాడు. త్రాగడు, చేయిచేసికొనడు, పంపుసెట్ల మోటార్లు బాగుచేయుటలో ఆ ప్రాంతమున సాటిలేనివాడు. హైమవతియు గయ్యాళి కాదు. ఆసుపత్రిలో రోగులు ఆమె గొంతు వినినంతనే సగము కోలుకొందురని వాడుక. అయినను ఈ మంచివారిరువురు ఒక కప్పు క్రింద చేరినంతనే పంకా ఎంత వేగమున తిరుగవలెననుట మొదలు పులుసులో బెల్లమెంత పడవలెననుట వరకు దినమున కొక కురుక్షేత్రము. రెండేండ్లుగ వేరువేరు ఇండ్లలో నున్న తరువాతనే ఒకరినొకరు కుశలమడుగ నేర్చిరి.

గడియారము మూడున్నర కొట్టుచుండగ త్రినాథరావు మోటారుసైకిలు దిగి, మోచేతి వరకు గ్రీజు పూసికొని, నవ్వుచు వచ్చెను.

"రెండింటికి రమ్మంటే ఇప్పుడా రావడం?" అనెను హైమవతి.

"రొయ్యల చెరువులో ఏరియేటరు ఆగిపోయిందే. గాలాడక రొయ్యలు తేలిపోతన్నాయని ఆ రైతు ఏడుపు. ఏం చెయ్యమంటావ్?"

"రొయ్యలకున్న విలువ కూడా నాకు లేదు."

"రొయ్యలు తిరిగి మాటాడవుగా మరి!"

సోమయాజులు గారు కండ్లద్దముల మీదుగా చూచి, "నాయనా, ఆ పోట్లాట విడాకులు వచ్చాక పడకూడదని చట్టంలో ఎక్కడా లేదు. ముందు ఇలా కూర్చో," అని పీట చూపిరి.

అంతలో దస్తావేజు లేఖరి సత్యానందము అప్పుడే అచ్చువేసిన కాగితములను విసనకఱ్ఱ వలె ఊపికొనుచు వచ్చెను. ముప్పదేండ్లుగ కొబ్బరితోటల క్రయపత్రములు, వరిచేల పంపక పత్రములు వ్రాసి వ్రాసి పండిన చేయి అది. ఉభయుల వకీలు కోర్టులో వాదమునందుండి, విషయము నాలుగు ముక్కలలో చెప్పి "నువ్వే రాసెయ్యి సత్యానందం" అని పోయినందున, అతడు తన విద్యాసర్వస్వమును ధారపోసి ఆ ఒడంబడికను రచించెను.

సోమయాజులు గారు గొంతు సవరించుకొని మంత్రపుష్పము చెప్పు ఫక్కిని చదువ నారంభించిరి. పేర్లు, తండ్రుల పేర్లు, నివాసములు గడచెను. త్రినాథరావు జేబులో ఫోను మ్రోగుచుండెను. అతడు దానిని తీసి, "ఫ్యూజు చూడవయ్యా, ఫ్యూజు!" అని గుసగుసలాడుచుండగ, నోటరీ గొంతు నడుమ నొక వాక్యము జలజల ప్రవహించిపోయెను.

"...సదరు బాలిక విషయమై మత్స్వత్వ నివృత్తిపూర్వకముగ పరస్వత్వాపాదనము గావించితిని గావున, సదరు హైమవతి గారు ఆచంద్రార్కము నిరాటంకముగ సర్వస్వతంత్రముగ అనుభవింపగలవారు..."

హైమవతి గడియారమునుండి చూపు మరల్చి ఆ కాగితము వంక చూచెను.

ఆమె తండ్రి రిజిస్ట్రారు కచేరిలో గుమాస్తా. ఆయన రాత్రివేళ అన్నము కలుపుచు దస్తావేజుల మాటలు వల్లెవేయుచుండగ విని పెరిగిన పిల్ల. ఆ గంభీర సమాసమునకు అర్థము ఆమె యెరుగును. తన హక్కును సమూలముగ విడిచి యితరులకు ధారపోయుట! సత్యానందము తోటలమ్మినట్లే బిడ్డను గూడ అమ్మివేసినాడు. సెలవులు లేవు. తండ్రి ఊసే లేదు. ఆ కాగితముపై త్రినాథరావు చేవ్రాలు పడినచో ఆమని సంపూర్ణముగ ఆమెది.

"అర్థమైందా నాయనా?" అని అడిగిరి సోమయాజులు గారు.

"ఆయ్, అయిందండి. శుభ్రంగా అయింది," అనెను త్రినాథరావు ఫోను జేబులో పెట్టికొనుచు. తనకు తెలియలేదని ఒప్పుకొనుట అతని వంశములోనే లేదు.

హైమవతి నోరు విప్పలేదు. తాను కోరలేదు, వ్రాయింపలేదు, దానంతట అది వచ్చి ఒడిలో పడినది. ఇక ప్రతి సెలవులకును "పంపుతావా పంపవా" అను తగవు ఉండదు. పిల్ల జ్వరముతో తిరిగి వచ్చునేమో, చెరువుగట్టున జారునేమో యను దిగులుండదు. మౌనముగ నుండుట అబద్ధమాడుట కాదుకదా యని మనస్సు మెత్తగ నచ్చజెప్పుచుండెను.

సోమయాజులు గారు కడపటి పుటకు వచ్చి హఠాత్తుగ ఆగిరి. కండ్లద్దములు తీసి తుడిచి మరల పెట్టుకొనిరి.

"ఏమయ్యా సత్యానందం. 'షెడ్యూలు. తూర్పు: త్రినాథరావు గారి మోటార్ల షాపు. దక్షిణం: అమ్మమ్మ గారి పెంకుటిల్లు. పడమర: కాన్వెంటు. ఉత్తరం: పంటకాలువ. ఈ నాలుగు హద్దుల మధ్య నున్న ఆమని అను బాలిక, నిధి నిక్షేప జల తరు పాషాణ సహితముగ...' ఏమిటిది?"

"హద్దులండి," అనెను సత్యానందము మిక్కిలి వినయముగ.

"పిల్లకి హద్దులేమిటయ్యా!"

"హద్దుల్లేని కాయితం ఎక్కడన్నా నిలబడుద్దా అండి? రేపొద్దున ఏ పిల్ల అని ఎవరన్నా అడిగితే? అందుకే పొద్దున్నే అమ్మగారికి ఫోన్ చేసి, పాప ఎక్కడెక్కడ తిరుగుద్దో కనుక్కుని మరీ రాశానండి."

హైమవతి తెల్లబోయెను. ఉదయమున ఆ ఫోను వచ్చిన మాట నిజమే. కోర్టువారికి కావలసి యుండునని అన్నియు విపులముగ చెప్పినది తానే.

త్రినాథరావు మొదట ముక్కుతో నవ్వెను. తరువాత భుజములతో నవ్వెను. పిమ్మట పీట క్రిందుమీదగునట్లు నవ్వెను.

"జలం ఉందండోయ్! ఏదన్నా అడిగింది కొనకపోతే బావి రెండు కళ్ళల్లోనూ ఊరుద్ది."

సోమయాజులు గారును పెదవి బిగబట్టజాలక, "మరి నిధి నిక్షేపాలో?" అని అడిగిరి.

"అదీ ఉందండి," అనెను హైమవతి అప్రయత్నముగ. "మూడేళ్లప్పుడు వేరుశెనగ గింజ ముక్కులో దాచుకుంది. ఇద్దరం బండిమీద ఆసుపత్రికి పరిగెత్తాం."

"దారి పొడుగునా నన్ను తిడతానే ఉందండి, వేరుశెనక్కాయలు కొన్నది నేనేనని. డాక్టరు దగ్గరకెళ్ళేసరికి పిల్ల ఒక్క తుమ్ము తుమ్మింది. గింజ వెళ్ళి డాక్టరు టీలో పడింది!"

"పాషాణం మాత్రం పిల్లలో లేదు. అది వాళ్ళ నాన్న తలలోనే ఉంది."

చావడి యంతయు నవ్వెను. ప్రక్క బల్ల నోటరీ ముద్ర వేయుట మాని చెవి యొగ్గెను. త్రినాథరావు కన్నులు తుడుచుకొని, "ఆ హద్దులు కొట్టేయండి చాలు. మిగతాదంతా బాగానే ఉందిగా. సంతకం ఎక్కడండి?" అని కలము నందుకొనెను.

కలపు మొన కాగితమును తాకబోవు నా నిమిషమున హైమవతి అతని చేతిని చూచెను. గోళ్లలో గ్రీజు. మసిబారిన వ్రేళ్లు. ఆనాడు ఆసుపత్రి మెట్లపై పిల్ల నాసికను కాగితపు పూవును పట్టినట్లు పట్టికొన్న వ్రేళ్లవి. తాను తిట్టుచుండగ పిల్ల తల నిమురుచుండిన వ్రేళ్లు. పదేండ్లలో అతనితో వేయి తగవులాడినది గాని ఒక్కదానిని గూడ వెనుకనుండి పొడిచి గెలిచినది కాదు.

"ఆగు," అనెను హైమవతి.

"మళ్ళీ ఏమొచ్చింది?"

"ఆయనకి అర్థం కాలేదండీ. ఆ ముందు ముక్క మళ్ళీ చదవండి."

"నాకెందుకర్థం కాలేదూ?" అని త్రినాథరావు మీసము సవరించెను.

"అయితే చెప్పు, అందులో ఏముంది?"

"ఏముందేంటి? పిల్ల నీ దగ్గర చదువుకుంటది. సెలవులకి నా దగ్గరకొస్తది."

"అలా లేదు. పిల్లమీద నీకు ఇంకెప్పటికీ ఏ హక్కూ లేదని ఉంది. నాకు రాసిచ్చేశావు."

నవ్వు దీపమార్పినట్లు ఆరిపోయెను. త్రినాథరావు నోటరీ వంక చూచెను. ఆయన ఆ వాక్యమును మరల తనలో చదివికొని మెల్లగ తల యూపిరి.

"నువ్వు రాయించావా?" అని అతడు అడిగెను. గొంతులో కోపము కంటె భయమే ఎక్కువగ నుండెను.

"నేనే రాయిస్తే, నేనే ఎందుకు చెప్తాను?"

త్రినాథరావు కలమును బల్లపై పెట్టెను. దానినే చూచుచు, "చెప్పకపోతే నాకు తెలిసేది కాదే," అనెను. హైమవతి కొట్టివేయవలసిన పంక్తిని వ్రేలితో చూపెను. తెలియకుండ పోవలెనని తానొక గడియ కోరుకొన్న సంగతిని అతనినుండి దాచగలిగినది గాని, తనకు తాను దాచుకొన జాలదయ్యెను.

సత్యానందము చేతులు నలుపుకొనుచు, "అలవాటుమీద పడిపోయిందమ్మా. అమ్మేవాడికి హక్కు పోకపోతే కొనేవాడు ఒప్పుకోడు కదా అని..." అని నసిగెను.

"అమ్మకమూ లేదు, కొనుగోలూ లేదు. కూర్చుని చేత్తో దిద్దు," అని సోమయాజులు గారు గర్జించిరి. "కొట్టేసిన ప్రతి పంక్తి పక్కనా ఇద్దరి పొడి సంతకాలూ ఉండాలి. నాలుగున్నర అవుతోంది, త్వరగా!"

మరల అచ్చువేయించుటకు వ్యవధి లేదు. హైమవతి చెప్పుచుండ సత్యానందము వ్రాసెను. బిడ్డ తల్లియొద్ద పెరుగును. సెలవులన్నియు తండ్రియొద్ద గడపును. చదువు, వైద్యము ఇరువురు కలిసి నిర్ణయింతురు. త్రినాథరావు నడుమ అడ్డుపడి, "రోజూ సాయంత్రం ఫోన్ కూడా," అనెను. "ఏడింటికి. ఎనిమిదింటికి పడుకుంటుంది," అనెను హైమవతి. "ఏడుకి నాకు షాపులో..." అని అతడు మొదలిడి, ఆమె చూపు చూచి, "ఏడుకే, ఏడుకే," అని ముగించెను. ఆ పదేండ్లలో వారిరువురు తగవు ముదురకుండ ఏకీభవించిన విషయము బహుశః అదియొక్కటియే.

"ఆఖర్న ఆచంద్రార్కం ఉంచమంటారా, కొట్టేయమంటారా?" అని సత్యానందము బెరుకుగ అడిగెను.

"ఎవరికి?" అనిరి ఇరువురు నొక్కసారిగ.

"ఇద్దరికీనండి."

"అయితే ఉంచు," అనిరి మరల నొక్కసారిగ.

తూర్పు కొట్టివేసి ఇరువురును చేవ్రాలు చేసిరి. దక్షిణము పోయెను, పడమర పోయెను, ఉత్తరము పోయెను. సోమయాజులు గారు సరిదిద్దిన పాఠమును ఆద్యంతము మరల చదివి, ఈ పర్యాయము త్రినాథరావుచేత ప్రతి మాటకును అర్థము చెప్పించి, అటుపిమ్మట ఎఱ్ఱని ముద్రను నిండుగ నద్దిరి. ఇరువురును ఎండలో పరుగెత్తి దాఖలు చేయు కిటికీ చేరునప్పటికి గుమాస్తా తలుపు రెక్క లాగుచుండెను. రొప్పుచు నవ్వుచు నిలిచిన ఆ జంటను అతడు ఎగాదిగ చూచి, "పెళ్లి రిజిస్ట్రేషనైతే ఇక్కడ కాదమ్మా," అనెను.

"విడాకులకేనండి," అనెను త్రినాథరావు సగర్వముగ.

సాయంకాలమున సముద్రపు గాలి కొబ్బరాకులలో చల్లగ దూరునప్పుడు హైమవతి స్కూటరు పుట్టింటి యెదుట ఆగెను. దాని వెనుకనే మోటారుసైకిలును ఆగెను. ఆమని అరుగు దిగి వచ్చి, చాలకాలమునకు ఒక్కమారుగ వచ్చిన తల్లిదండ్రులను ఆపాదమస్తకము పరీక్షించి, ఓడలరేవునకు పోయి సముద్రము చూపవలసినదిగ ఆజ్ఞ జారీచేసెను. ఎవరి బండిపై ఎక్కవలెననునది వెంటనే తగవుగ మారబోయెను. తల్లి నోరు తెరచెను. తండ్రియు నోరు తెరచెను.

"వెళ్ళేటప్పుడు నాన్న బండి. వచ్చేటప్పుడు అమ్మ బండి," అనెను ఆమని. "మధ్యలో ఇద్దరూ మాట్లాడకండి."

వకీళ్లును లేఖరులును నోటరీలును చేరి దినమంతయు శ్రమించి చేసిన తీర్పును ఆ పసిది రెండు ముక్కలలో చేసి తండ్రి వెనుక నెక్కి కూర్చుండెను. నేలను పంచినచో ఎవరి పాలు వారికి తగ్గును. బిడ్డను ప్రేమించు హక్కు నిజాయితితో పంచుకొన్నవారికి మాత్రము అది పెరుగుటయే గాని తరుగుట యెఱుగదు. కాలువగట్టున రెండు బండ్లు ఒకదాని ప్రక్క నొకటి సాగిపోవుచుండ, తండ్రి నడుమును ఒక చేత చుట్టుకొన్న ఆమని రెండవ చేతిని గాలిలోనికి చాచి, ప్రక్కన వచ్చుచున్న తల్లి పమిట చెరగు అందినప్పుడెల్ల పట్టుకొనుచు, జారినప్పుడెల్ల కిలకిల నవ్వుచు సముద్రము వైపు పోవుచుండెను.