పది మాటల కాగితం

అక్క మూడుసార్లు "హలో" అంటుంది. నేను మాట్లాడుతూనే ఉంటాను. తర్వాత ఫోను పెట్టేస్తుంది. ఐదు నెలలుగా ప్రతి ఆదివారం ఇదే వరస.

అక్కకు వినికిడి తక్కువ. నాకు పార్కిన్సన్స్. చేతి వణుకుతో మొదలైన జబ్బు గొంతులోకి దిగింది. నా మటుకు నేను మామూలుగానే మాట్లాడుతున్నాననుకుంటాను. పక్కనే కూర్చున్న కోడలు మాత్రం "ఏంటత్తయ్యా?" అంటూ చెవి నా నోటి దగ్గరకు తెస్తుంది.

దీనికి తోడు మా అక్కచెల్లెళ్లకో పాడు అలవాటుంది. పోట్లాడుకుంటే తిట్టుకోం. ఫోను చేసి, మాట్లాడకుండా పట్టుకుని కూర్చుంటాం. అవతలి ఊపిరి వినిపిస్తూ ఉంటుంది. ఎవరి పట్టు ముందు సడలితే వాళ్లు ఏదో ఒక ఇంటి సంగతి అడుగుతారు. అలక తీరిపోయినట్టే.

ఐదు నెలల క్రితం అక్క తన కూతురి దగ్గరకు మకాం మార్చింది. సాగనంపడానికి నేను స్టేషనుకు వెళ్లలేదు. ఆసుపత్రిలో మా ఆయన్ను లోపలికి తీసుకెళ్లిన లిఫ్టు తలుపులు నా కళ్లముందే మూసుకున్నాయి. ఆయన మళ్లీ తిరిగి రాలేదు. అప్పటినుంచి, మనిషిని లోపల పెట్టుకుని కదిలే దేన్నీ నేను చూడలేను. అక్కతో మాత్రం కాళ్లనొప్పులన్నాను. నమ్మలేదు. తను వెళ్లిపోతోందని నాకు కోపమనుకుంది. ఆ పైన ఫోనులో నా మాట వినబడకపోయేసరికి, అలకేనని తేల్చేసుకుంది. గొంతుకు జబ్బు చేసిందని కోడలు చెప్పబోతే, "నీతో చెప్పిస్తోందా? తనకి నోరు లేదా?" అందట.

కోడలు ఆ సంగతి నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఈ జబ్బుకు ముఖం కూడా బిగుసుకుపోతుంది కాబట్టి, వచ్చినా రాకపోయినా చూసేవాళ్లకు ఒకటే.

నరాల డాక్టరు మాటల డాక్టరమ్మ దగ్గరకు పంపాడు. వారానికి నాలుగు రోజుల చొప్పున నాలుగు వారాలు. రెండో అంతస్తులో చిన్న గది, ఎప్పుడూ మూసి ఉండే కిటికీ, బల్ల మీద గొంతు ఎంత గట్టిగా ఉందో కొలిచే, టీవీ రిమోటంత మీటరు. డాక్టరమ్మ చెప్పు పట్టీకి పిన్నీసు ఉండేది. ఊపిరి ఉన్నంతసేపు "ఆ" అనమంది. అన్నాను. మీటరు యాభయ్యారు చూపించింది.

"డెబ్బై దాటించాలి అమ్మమ్మా," అంది.

సిగ్గుగా ఉండేది. మా ఇంట్లో గొంతెత్తడమంటే ఎవరో పోయినప్పుడే.

రెండో రోజు, రోజూ అనే మాటలు పది రాసుకు రమ్మంది. వాటితోనే సాధన చేయిస్తుందట. రాస్తూ ఉంటే అక్షరాలు చిన్నవైపోతూ వచ్చాయి. గ్యాస్ కట్టేశావా? తలుపు గడియ పెట్టావా? గొడుగు తీసుకున్నావా? ఆ తీరుగానే పదీ. చివరిది, చేరగానే ఫోన్ చెయ్యి.

డాక్టరమ్మ కాగితం చదివి, ఇందులో మీ గురించి ఒక్క మాటా లేదేమని అడిగింది.

"ఇవి పదీ నాకు కంఠతా వచ్చండీ," అంది కోడలు. "కావాలంటే నేను అప్పజెబుతాను."

నాలుగో వారానికి మీటరు డెబ్బై రెండు దాటింది. డాక్టరమ్మ నా మాటలు రికార్డు చేసి వినిపించింది. ఎవరో పోట్లాడుతున్నట్టుందన్నాను.

"కాదమ్మమ్మా, మామూలుగానే మాట్లాడుతున్నారు. అరుస్తున్నట్టు మీ ఒక్కరికే అనిపిస్తుంది. అలా అనిపిస్తే సరిపోయినట్టు లెక్క."

ఆదివారం నిటారుగా కూర్చుని, పాదాలు నేలకు ఆన్చి ఫోను చేశాను. కాగితం ఒళ్లో ఉంది. చెప్పాల్సింది వేరే ఉంది. కోపం కాదనీ, లిఫ్టు సంగతీ.

"హలో," అంది అక్క.

"అక్కా, నేను ఆ రోజు స్టేషనుకి..." అన్నాను. సాధన చెయ్యని మాటలు. సగంలోనే గొంతు దిగిపోయింది.

రెండో హలో. మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ దిగిపోయింది. మూడో హలో. నా కళ్లు కాగితం మీద పడ్డాయి. ఊపిరి నిండా పీల్చి అరిచాను.

"గ్యాస్ కట్టేశావా?"

వరండాలో బట్టలు ఆరేస్తున్న కోడలు పరుగున వంటింట్లోకి వెళ్లి, పొయ్యి చూసుకుని వచ్చింది.

ఫోనులో అక్క ఊపిరి వినిపిస్తోంది. పెట్టెయ్యలేదు.

"కట్టేశానే," అంది చివరికి. "ఐదు నెలలు పట్టిందా నీకు?"

నా పట్టు సడలిందనుకుంది. కాదని చెప్పడానికి నా దగ్గర సాధన చేసిన మాట లేదు. రెండో వరుస చదివాను.

"తలుపు గడియ పెట్టావా?"

"పెట్టా."

అలా ఒక్కొక్కటే కిందికి వచ్చాం. అక్క దేనికీ విసుక్కోలేదు. ఇల్లు కదలని మనిషి, గొడుక్కి కూడా తీసుకున్నాననే చెప్పింది. పదోదాని దగ్గర ఆగాను. అది ఐదు నెలల క్రితం, స్టేషన్లో అనాల్సిన మాట. అయినా అన్నాను.

"చేరగానే ఫోన్ చెయ్యి."

"చేరాన్లేవే," అంది అక్క.