ఎలీసమ్మ విప్పిన కట్టు

మోకాలి కింద కాలు తీసేయాలని డాక్టరు చెప్పి వెళ్ళిపోయాడు. నర్సింగ్ హోమ్ గదిలో ఏసీ మాత్రం తనకేమీ పట్టనట్టు హాయిగా చల్లగాలి విసురుతూనే ఉంది. మంచం మీద సత్యవేదం కళ్ళు మూసుకున్నాడు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ముప్పై ఆరేళ్ళు నిలబడి పనిచేసిన ఫిట్టరు. షుగరు పుండు పాదం మీద ఇంత చేస్తుందని అనుకోలేదు.

అల్లుడు రాబిన్ సంతకానికి పెన్ను తీశాడు. మామగారంటే అతనికి ప్రాణం. ఆ ప్రైవేటు నర్సింగ్ హోమ్ అంటే అంతకు మించిన నమ్మకం. ఉచితంగా చేసేది వైద్యమే కాదని అతని సిద్ధాంతం. అందుకే రైల్వే ఆస్పత్రిలో ఉచిత వైద్యానికిచ్చిన మెడికల్ కార్డు బీరువాలోనే ఉండిపోయింది.

సత్యవేదం భార్య ఎలీసమ్మకు ఒళ్ళు మండింది. ఇరవై తొమ్మిదేళ్ళు ఆ రైల్వే ఆస్పత్రిలోనే డ్రెస్సరుగా పుళ్ళు కడిగి, చీము తీసి, కట్లు కట్టింది. కూతురు దోర్కా ఎవరడిగినా “మా అమ్మకి ఆస్పత్రిలో ఉద్యోగం” అనేదే తప్ప, ఏ ఉద్యోగమో చెప్పేది కాదు. ఆ సంగతి తల్లికి తెలుసు. బాధపడింది గానీ ఎన్నడూ అడగలేదు.

“బాబూ, ఆ పెన్ను జేబులో ఎట్టు. ముందు నాను పుండు సూడాల.”

“పెద్ద డాక్టరుగారు చూశారు కదా అత్తా!”

“ఆయన గుమ్మంకాడ నిలబడి సూసినారు. నాను దగ్గరికెల్లి సూస్తాను.”

సిస్టరు వద్దంటున్నా వినలేదు. చేతులు కడుక్కుని, గ్లవ్స్ తొడుక్కుని, కట్టు విప్పింది. పాతకాలపు డ్రెస్సర్లకు ముందు ముక్కు, తర్వాతే కన్ను. వంగి వాసన చూసింది. బొటనవేలు నల్లబడిపోయింది, దాని మీద ఆశ లేదు. తడి గుడ్డతో పుండు అంచును మెల్లగా రుద్దింది. ఆవగింజంత రక్తపు చుక్క ఎర్రగా పైకొచ్చింది. పక్కన రుద్దితే అక్కడా వచ్చింది. పాదం మీద వేలు పెట్టి నాడి చూసింది. సన్నగా కొట్టుకుంటోంది.

“ఇది సచ్చిన కాలు కాదు. ఏలొక్కటే పోతాది. లెగండి, మన ఆస్పత్రికి ఎల్లిపోదాం.”

“అమ్మా, నాన్నకేదైనా అయితే?” అంది దోర్కా.

ఎలీసమ్మకు మాత్రం భయం లేదా? తన చెయ్యి చెప్పింది తప్పయితే కాలే కాదు, మనిషే పోతాడు.

“అయితే నాదే పూచీ,” అని చెప్పి, తమ ఇష్టం మీదే తీసుకెళ్తున్నామన్న కాగితం మీద తనే సంతకం పెట్టింది.

టోటో అనే బ్యాటరీ రిక్షాలో రైల్వే ఆస్పత్రికి చేరారు. అక్కడి సర్జనమ్మ చిన్న వయసుది. పుండును అచ్చం అలాగే రుద్ది చూసింది, పరీక్షలు చేయించింది.

“వేలు తీస్తే చాలు. కానీ ఒక్క రోజు కూడా డ్రెస్సింగు మానకూడదు. ఎవరు చేస్తారు?”

“నానున్నాను కదమ్మా,” అంది ఎలీసమ్మ.

వేలు తీశాక నాలుగు నెలలు ఓల్డ్ సెటిల్‌మెంట్ పేటలోని ఇంట్లో పొద్దున్నే అదే పని. వారానికోసారి సర్జనమ్మ చూసేది. పుండు అడుగు నుంచి కొత్త కండ ఎర్రగా పైకి లేచింది. రాబిన్ తనంతట తనే గ్లవ్స్ పెట్టె పట్టుకుని నిలబడటం నేర్చుకున్నాడు, సిద్ధాంతం ఊసెత్తడం మానేశాడు.

పుండు మానాక, నర్సింగ్ హోమ్‌లో వదిలేసిన ఎక్స్‌రేలు తెచ్చుకోవాలని బయల్దేరారు. సత్యవేదం టోటో ఎక్కనన్నాడు. గోల్‌బజార్ జనంలోంచి, చేపల బుట్టల పక్కనుంచి, పెళ్ళికొడుకులా నడిచాడు.

హాలు నిండా రోగులు. కాలు తీసేయాలన్న డాక్టరే ఎదురుపడ్డాడు. “కాలు తెచ్చినాను డాక్టర్ సాబ్, సూసుకోండి!” అన్నాడు సత్యవేదం. ఆ డాక్టరు చెడ్డవాడేం కాదు. వంగి చూసి, నిజంగానే ఆశ్చర్యపోయి, ఎవరు బాగుచేశారని హిందీలో అడిగాడు.

దోర్కా ముందుకొచ్చింది. హాలంతా వినబడేలా హిందీలోనే చెప్పింది. “రైల్వే ఆస్పత్రిలో బాగుచేశారు. రోజూ కట్టు కట్టింది మా అమ్మ. మా అమ్మ డ్రెస్సరు. ఇరవై తొమ్మిదేళ్ళు అదే పని చేసింది.”

ఎలీసమ్మకు కళ్ళు నిండాయి. ఆవిడ జీవితంలో ఇంత గొప్ప మాట వినలేదు.

ఇంతలో బెంచీ మీది బెంగాలీ ముసలావిడ చీర అంచు పైకి జరిపి, కట్టు కట్టిన పాదం ముందుకు చాపింది. “దీదీ, ఏక్‌బార్ దేఖో నా,” అని ఒక్కసారి చూడమంది.

ఎలీసమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. డాక్టరు వైపు తిరిగి, చేతులు కడుక్కునే చోటెక్కడని అడిగింది. ఆయనే దగ్గరుండి తీసుకెళ్ళి కుళాయి తిప్పాడు.