వదిన చెప్పిన వాతావరణం

మా వదిన వాతావరణ కార్యాలయంలో అధికారి. నేను వీధికి అవతల ఉన్న రేడియో స్టేషన్లో వార్తలు చదువుతాను. దేశమంతటా రాబోయే మూడు రోజులు ఎలా ఉంటాయో ఆమె రాసి పంపుతుంది, మధ్యాహ్నం ఒంటిగంటకి నేను చదువుతాను. మాకిచ్చిన సమయం తొంభై సెకన్లు. "ఆకాశం సంగతి తొంభై సెకన్లలో తేల్చేస్తుంది. నా సంగతి ఎత్తితే మాత్రం పొద్దుగూకాల్సిందే" అంటాడు మా అన్నయ్య.

ఆ వారం దేశానికి మూడు దిక్కులా మూడు బెడదలు. ఉత్తర తీరం వైపు గాలివాన వస్తోంది. దక్షిణాన అడవులు తగలబడుతున్నాయి. పడమటి లోయల్లో పండ్లతోటలు పూతమీద ఉండగా చలి మళ్లీ తిరగబెట్టింది.

అడవుల పొగ మా నగరానికి బుధవారం సాయంత్రం చేరుతుందని వదిన రాసింది. సోమవారం నేను అదే చదివాను. పొగ మంగళవారం పొద్దున పదింటికే వచ్చేసింది. వీధి దీపాలు పట్టపగలే వెలిగాయి. ఆటల మైదానాల్లో ఉన్న పిల్లలు దగ్గుతూ ఇళ్లకు పరిగెత్తారు. వాళ్లలో వదిన కూతురూ ఉంది. ఇవాళ ఏం ఫరవాలేదు వెళ్లమని పంపింది వదినే.

స్టేషన్లో ఫోన్లు ఆగకుండా మోగుతున్నాయి. ఒంటిగంటకి పది నిమిషాలుందనగా వదిన కాగితం పట్టుకుని తనే వచ్చింది. మా స్టేషన్ పెద్దసారు ఎదురెళ్లారు.

"నిన్నటి మాట ఎత్తకండమ్మా. తాజా సమాచారం ప్రకారం అని మొదలుపెట్టండి. ఎవరికి గుర్తుంటుంది?"

"దగ్గే వాళ్లందరికీ గుర్తుంటుంది సార్. ఇవాళ నేనే చదువుతాను."

ఆయన ముఖం కందగడ్డలా చేసుకున్నారు, కానీ అడ్డు చెప్పలేదు. నేను కాగితం చూసి, "గాలివాన ముందు పెడదాం వదినా, వినేవాళ్లు చెవులు నిక్కిస్తారు" అన్నాను.

"గాలివాన అరుచుకుంటూ వస్తుంది మరిదిగారూ. దానికి నా పరిచయం అక్కర్లేదు. మంచు అలా కాదు, పిల్లిలా వస్తుంది. జరుగు."

మైకు ముందు కూర్చుని నింపాదిగా చదివింది.

"పొగ రేపు సాయంత్రం వస్తుందని నిన్న చెప్పించింది నేనే. తప్పు చెప్పాను. గాలి అంత త్వరగా తిరుగుతుందని అనుకోలేదు. క్షమించండి. తలుపులు, కిటికీలు మూసుకోండి. ఆయాసం ఉన్నవాళ్లు గడప దాటకండి. ఇక పడమటి లోయల తోటలవాళ్లు వినండి. రేపు తెల్లవారుజామున మంచు గడ్డకడుతుంది. పగలు వెచ్చగా ఉందని మోసపోకండి. రాత్రంతా, ఎండెక్కి మంచు కరిగేదాకా, చెట్లమీద నీళ్లు చిమ్మండి. ఆ నీళ్లు గడ్డకడుతూ వదిలే వేడే పూతను కాపాడుతుంది. ఉత్తర తీరంవాళ్లు గురువారంలోగా పడవలు ఒడ్డుకు చేర్చుకోండి."

బయటికొచ్చి రెండు గ్లాసుల నీళ్లు గటగటా తాగింది.

మంచు అన్నట్టే పడింది. గురువారం గాలివాన వచ్చేసరికి పడవలన్నీ ఒడ్డున ఉన్నాయి. శుక్రవారం లోయ నుంచి ఒక తోట యజమానురాలు స్టేషన్‌కి ఫోన్ చేసింది. కాగితం ఇవ్వడానికి వచ్చిన వదినే ఎత్తింది.

"నలభై ఏళ్లుగా మీ రేడియో వాతావరణం వింటున్నా, ఒక్కనాడూ నమ్మలేదు. తప్పయిందని రేడియో అనగా ఇదే వినడం. తన తప్పు తనే చెప్పుకున్న మనిషి ఊరికే భయపెట్టదులే అనిపించింది. తెల్లార్లూ నీళ్లు కొట్టించాను. నా పూత నిలిచిందమ్మా. పాపం, పక్కతోటాయన పూత మాత్రం మంచుకి నల్లగా మాడిపోయింది."

"ఆయన వినలేదా?" అంది వదిన.

"మధ్యాహ్నం పనిలో ఉంటాడు. రేడియో పెట్టేది సాయంత్రమే."

వదిన ఫోన్ పెట్టేసింది. నేనైతే ఆ మెచ్చుకోలు పదిమందికీ చెప్పుకుని మురిసిపోయేవాణ్ణి. ఆమె తిన్నగా పెద్దసారు గదిలోకి వెళ్లి, సాయంత్రం కూడా వాతావరణం చెప్పి తీరాలని కూర్చుంది. ఆయన కుదరదన్నారు. మర్నాడు మళ్లీ వెళ్లింది. మూడో రోజుకి ఆయనే దారికొచ్చి, ఏడు గంటలకి సమయం కేటాయించారు.